ఆఖరి రోలు కడిగిన ఊరు

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, పార్సన్స్ పట్నం. జనాభా పదివేలకు అటూ ఇటూ. 2010 డిసెంబరు నెలాఖరు. డ్వేన్స్ ఫోటో అనే ల్యాబుకు కొన్ని వారాలుగా పార్సిళ్లు వేలల్లో వచ్చిపడుతున్నాయి. పెట్టె విప్పితే ఫిల్ము రోళ్లు. కొన్ని నిన్నమొన్న తీసినవి, కొన్ని ఏళ్ల తరబడి సొరుగుల్లో మగ్గినవి. డిసెంబరు 30 దాటాక వచ్చిన రోలు తీసుకోబోమని ల్యాబువాళ్లు ముందే చెప్పేశారు.

పోస్టును నమ్మలేక మనుషులే తరలివచ్చారు కొందరు. ఆర్కన్సాస్ నుంచి ఒక రైల్వే ఉద్యోగి కారులో వచ్చాడు. ఆయనవి 1,580 రోళ్లు. కడిగినందుకు అయిన బిల్లు దాదాపు 16 వేల డాలర్లు. వాటిలో ఉన్నవి రైళ్ల బొమ్మలు! లండన్ నుంచి ఒక కళాకారిణి విమానమెక్కి వచ్చింది. వచ్చిన పని ఐదు రోళ్లు కాన్సాస్‌లో తీసి, అక్కడే కడిగించుకుని పోవడం. పిచ్చి అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఆ తేదీ దాటితే ఆ రోళ్లను రంగుల్లో కడిగే చోటు భూమ్మీద మరొకటి లేదు.

ఆ ఫిల్ము పేరు కోడాక్రోమ్. 1953లో ఎవరెస్టు శిఖరం మీద టెన్సింగ్‌ను హిల్లరీ ఫోటో తీసింది దానిమీదే. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో ఆకుపచ్చ కళ్ల ఆఫ్ఘన్ పిల్లను స్టీవ్ మెక్‌కరీ తీసిందీ దానిమీదే. 1935లో మొదలైన ఆ ఫిల్ము తయారీని 2009లో ఆపేస్తున్నట్టు కోడాక్ ప్రకటించింది. దాన్ని కడిగే రసాయనాల తయారీకీ స్వస్తి చెప్పింది.

వేరే ల్యాబులో ఎందుకు కడగకూడదు? మామూలు రంగుల ఫిల్ములో రంగు పుట్టించే సరుకు పొరల్లోనే దాగి ఉంటుంది. ఓపికున్నవాడు స్నానాలగది తలుపు వేసుకుని ఇంట్లోనే కడుక్కోగలడు. కోడాక్రోమ్‌లో ఉన్నవి నలుపు తెలుపు పొరలే. రంగులను కడిగేటప్పుడు ఒక్కొక్కటిగా ఎక్కించాలి. దానికి పెద్ద యంత్రం కావాలి, రసాయనాల పాళ్లను అనుక్షణం సరిచూసే మనిషీ కావాలి. ఇంత తిక్క వ్యవహారాన్ని కనిపెట్టిన ఇద్దరూ సంగీతకారులే. మానెస్ పియానో వాయించేవాడు, గొడోవ్‌స్కీ వయొలిన్. చీకటిగదిలో గడియారం కనపడదు కాబట్టి బ్రామ్స్ సింఫనీని లయ తప్పకుండా ఈలవేస్తూ క్షణాలు లెక్కపెట్టేవారట. తాళం తెలిసినవాడికే సాధ్యమయ్యే పని.

రోలు ఎక్కడో తీసి, ఎక్కడికో పంపి, కడిగించుకోవడం పాత అలవాటే. 1888లో కోడాక్ స్థాపకుడు జార్జ్ ఈస్ట్‌మన్ వంద ఫోటోలకు సరిపడా ఫిల్ము నింపి 25 డాలర్లకు కెమెరా అమ్మాడు. ఫిల్ము అయిపోతే కెమెరా మొత్తాన్నీ రోచెస్టర్‌లోని కంపెనీకి పంపాలి. పది డాలర్లు కడితే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవారు.

మన నెల్లూరు స్టూడియోల కథా ఇంతే. నలుపు తెలుపు రోలైతే వెనకగదిలో ఎర్రలైటు కింద ప్రింట్లు వేసి, హైపో వాసనతో బయటికొచ్చేవారు. రంగుల రోలు మాత్రం మద్రాసు పోయి రావాలి. పెళ్లి ఆల్బం చేతికొచ్చేసరికి కొత్త కోడలు పాతబడేది! ఆ రోజుల్లో స్టూడియోల్లో నడిచింది ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు, తూర్పు జర్మనీ ఓర్వో. కోడాక్రోమ్ డబ్బా ఇక్కడికి వచ్చిందంటే విదేశాల నుంచి ఎవరో చుట్టం తెచ్చి ఉండాలి.

ఇక మెక్‌కరీ సంగతి. తయారీ ఆగిపోతోందని తెలియగానే, యంత్రం మీంచి దిగే ఆఖరి రోలు తనకివ్వమని కోడాక్‌ను అడిగి తీసుకున్నాడు. ఆయన దగ్గర పోగైన కోడాక్రోమ్ బొమ్మలు సుమారు ఎనిమిది లక్షలు. ఇప్పుడు చేతిలో ఉన్నవి 36. నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు ఆ ప్రయాణాన్ని చిత్రీకరించారు. న్యూయార్క్‌లో నటుడు రాబర్ట్ డినీరో ముందు కెమెరా ఎత్తాడు. తర్వాత ఇండియా దారి పట్టాడు.

ముంబైలో అమితాబ్ బచ్చన్‌నూ నందితా దాస్‌నూ తీశాడు. రాజస్థాన్‌లో రబారీలనే సంచార పశుపాలకుల దగ్గరికి వెళ్లాడు. వాళ్ల బతుకుతీరు కూడా కోడాక్రోమ్‌లాగే కనుమరుగవుతున్నదని ఆయనకు అనిపించింది. ఇక్కడో తమాషా ఉంది. ప్రతి బొమ్మనూ ముందు డిజిటల్ కెమెరాతో తీసి, వెలుగూ కూర్పూ కుదిరాయో లేదో చూసుకుని, అప్పుడు గానీ ఫిల్ము మీద నొక్కేవాడు కాదు. ఫిల్మును చంపిన యంత్రమే దాని ఆఖరి ప్రయాణానికి దారి చూపించింది. దీన్ని మోసమనే శుద్ధవాదులు ఉన్నారు. నాకైతే తప్పు కనపడలేదు. 36 మిగిలినప్పుడు ఎవరైనా ఆచితూచే నొక్కుతారు.

ఆ రోలు పోస్టులో వేయలేదాయన. 2010 జులైలో తనే పార్సన్స్‌కు పట్టుకెళ్లాడు. చివరి బొమ్మలను ఆ ఊళ్లోనే తీశాడు. ఆఖరిది అక్కడి శ్మశానంలో, అమెరికా అంతర్యుద్ధం నాటి సైనికుడి విగ్రహం. రోలు ల్యాబువాళ్ల చేతికిచ్చాక మిగిలింది ఎదురుచూపే. బొమ్మలు పడ్డాయో లేదో కడిగాక గానీ తెలియదు. ఎనిమిది లక్షలు తీసిన చేతికైనా ఆ నిమిషం ఒకటే. అన్నీ చక్కగా వచ్చాయి. ఇప్పుడు ఆ స్లైడ్లు రోచెస్టర్‌లో ఈస్ట్‌మన్ పేరిట ఉన్న మ్యూజియంలో ఉన్నాయి.

డిసెంబరు గడువు ముగిసినా, వచ్చిపడ్డ రోళ్లన్నీ కడిగేసరికి జనవరి వచ్చేసింది. యంత్రంలోకి అన్నిటికంటే చివర వెళ్లిన రోలు ల్యాబు పెట్టిన డ్వేన్ స్టైన్లీ స్వయంగా తీసుకున్నది. 1956 నుంచి ఊరూపేరూ ఎరగని జనం బొమ్మలు కడిగినాయన తన రోలును చిట్టచివర పెట్టుకున్నాడు. అందులో ఆఖరి ఫ్రేములో ఉన్నది ల్యాబు పనివాళ్లు. కోడాక్రోమ్‌కు వీడ్కోలు చెబుతూ అచ్చువేసిన చొక్కాలు తొడుక్కుని దుకాణం ముందు వరసగా నిలబడ్డారు.

అంతటితో ఫిల్ముకు నూకలు చెల్లాయనుకున్నారు. చెల్లలేదు. ఇవాళ మైపాడు ఇసుకలోనో, కృష్ణపట్నం దీపస్తంభం దగ్గరో, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే గట్టురోడ్డు మీదో పాత కెమెరా మెడలో వేసుకున్న కుర్రకారు ఎదురైతే ఆశ్చర్యం లేదు. 2022లో సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి పోయినా పులికాట్ సరస్సు మాకు నెల్లూరు తీరమే. చలికాలంలో అక్కడ రాజహంసల మందలు దిగుతాయి. మామూలు లెన్సుతో తీస్తే గులాబీ చుక్కలే. పైగా తళతళలాడే నీటిని చూసి కెమెరాలోని వెలుగుమీటరు వెలుగు ఎక్కువుందని భ్రమపడి బొమ్మను నల్లబరుస్తుంది. దాని లెక్కకంటే ఒక స్టాపు ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగిస్తే గానీ తెలుపు తెలుపుగా రాదు. ఫ్రిజ్‌లో దాచిన రోలును ఈ ఉక్కలో వెంటనే విప్పితే చెమ్మ పడుతుంది. డబ్బా మూత తీయకుండా బయటి వేడికి అలవాటు పడనివ్వాలి.

తీశాక మళ్లీ పాత కథే. రోలు వెనక్కి చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, దళసరి అట్టపెట్టెలో సర్ది, బెంగుళూరుకో ముంబైకో పంపాలి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద రోజుల తరబడి ఉంచితే ఫిల్ము మీద పడిన బొమ్మే పలచబడుతుంది కాబట్టి, తీసిన వారంలోనే పోస్టాఫీసుకు వెళ్లడం మేలు. విమానంలో పోయే పార్సిల్‌కు ఎక్స్‌రే తగులుతుందేమోనన్న బెంగ ఉండనే ఉంది. స్కాన్లు ముందు ఫోనుకొస్తాయి. నెగెటివ్‌లు తర్వాత నింపాదిగా పోస్టులో వస్తాయి.

మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున కడిగించని కోడాక్రోమ్ రోలు దొరికిందనుకోండి. రంగులు ఆశించకండి, అవి ఆ ఫిల్ములో మొదటినుంచీ లేవు. నలుపు తెలుపులో బొమ్మ రప్పించే ల్యాబులు ఇప్పటికీ ఉన్నాయి. ముందు ఫోన్ చేసి అడిగి, పెట్టె మీద కోడాక్రోమ్ అని పెద్ద అక్షరాలతో రాసి పంపండి. పొరపాటున మామూలు రంగుల రోళ్లలో కలిసిపోతే మీ బొమ్మ ఎలాగూ రాదు. పైగా దాని వెనకున్న నల్లపూత ఊడి, అదే తొట్టిలో ఉన్న పక్కవాడి రోలుకూ అంటుకుంటుంది.