గృహ సంఘాల ఎన్నికలు: నియమం తప్పిన పార్లమెంటు

1912 నాటి సహకార చట్టం రుణేతర సంఘాలకూ గుర్తింపునిచ్చింది. గృహనిర్మాణ సంఘాలు ఆ దారిలోనే పెరిగాయి. సభ్యుడికి ఒక్క ఓటు, పాలనకు నియమావళి అన్నది మూలసూత్రం. ఆచరణలో మాత్రం గడువు తీరినా కుర్చీ వదలని పాలకవర్గాలు, ఎన్నికల ఊసెత్తని ప్రత్యేకాధికారుల ఏలుబడి మామూలయ్యాయి.

2012లో అమల్లోకి వచ్చిన 97వ రాజ్యాంగ సవరణ దీనికి విరుగుడు వెతికింది: పాలకవర్గానికి అయిదేళ్ల గడువు, అది ముగిసేలోపే ఎన్నిక. కానీ సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోని అంశం. కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో, రాష్ట్రాల పరిధిలోని సంఘాలకు సంబంధించినంతవరకు ఈ నిబంధనల భాగాన్ని సుప్రీంకోర్టు 2021 జూలై 20న కొట్టివేసింది.

సంఘాలకు నియమపాలన నేర్పబోయిన పార్లమెంటు తన నియమాన్నే విస్మరించింది. ఆ మూల్యం సకాలంలో ఓటు దక్కని సభ్యుడిదే.