శ్రుతి తప్పింది ఎక్కడ?

డప్పు శ్రుతి మంట దగ్గర తేలుతుంది. మంచుకు చర్మం వదులైతే గడ్డి మంటేసి కాస్తారు, బిగుసుకుని ఖంగున మోగుతుంది. జముకులోనైతే తంత్రిని లాగి పట్టే చెయ్యే శ్రుతి. ఈ రెండూ కంటికి కనిపించేవే. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్ళ పెళ్ళి ఊరేగింపుల్లో వినపడే క్లారినెట్ సంగతి వేరు. దాని శ్రుతి మౌత్‌పీసు లోపల దాక్కుని ఉంటుంది. అపస్వరం పలికితే మౌత్‌పీసును ఎవరూ చూడరు, వాయించేవాడి కులాన్ని చూస్తారు. "వీళ్ళకి శ్రుతిజ్ఞానం ఎక్కడిది?" అనేస్తారు. ఈ మాటనే మేము ఇక్కడ పరీక్షకు పెడుతున్నాం.

ముందు చరిత్ర చూద్దాం. ఈ ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. మన ఊళ్ళల్లో సన్నాయి మంగలి కులానికీ డప్పు దళితులకూ కేటాయించి పెట్టారు. తెల్లదొరల సైనిక బ్యాండ్లతో దేశంలోకి వచ్చిన క్లారినెట్‌ను మాత్రం ఏ కులానికీ కేటాయించలేదు. కొనుక్కోగలిగినవాడు వాయించొచ్చు. చిక్కంతా ఆ కొనుక్కోవడంలోనే ఉంది.

బ్రిటిష్ సైనిక బ్యాండ్లు 1920ల చివరి దాకా 'ఏ' స్వరాన్ని సెకనుకు సుమారు 452 కంపనాల దగ్గర పెట్టేవి. 1939 లండన్ సమావేశం 440ని సిఫారసు చేసింది. ఈ రెంటికీ మధ్య తేడా దాదాపు అర్ధస్వరంలో సగం. ఆ పాత వాద్యం సెకండ్‌హ్యాండ్‌లో చేతికొస్తే, ఎంత విద్వాంసుడైనా హార్మోనియంతో కలపలేడు.

ఎందుకని? మౌత్‌పీసు లోపలి గది పెద్దదైతే శ్రుతి దిగుతుంది, చిన్నదైతే ఎక్కుతుంది. అయితే ఈ మార్పు అన్ని స్వరాలకూ ఒక్కలా ఉండదు. గొట్టంలో కొద్ది భాగమే పలికే స్వరాలు ఎక్కువ కదులుతాయి, పొడవు గొట్టంతో పలికేవి తక్కువ. మౌత్‌పీసు కింది ముక్కను బయటికి లాగినా ఇంతే. ఒక స్వరం కుదిరితే ఇంకోటి చెడుతుంది. మౌత్‌పీసు కొన ఎడం ఎక్కువుంటే మెత్తటి రీడు కావాలి. అప్పుడు స్వరాన్ని పెదవితోనే పట్టి నిలపాలి.

దీనికి తోడు ఎండ. గొట్టంలో గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి అర్ధస్వరంలో సుమారు నూటికి మూడు వంతులు పైకి పోతుంది. డప్పుల హోరు మీద వినపడాలని గట్టిగా ఊదితే మళ్ళీ దిగుతుంది. నడుస్తూ, చెమటోడుస్తూ ఈ రెండు లాగుళ్ళ మధ్య పెదవితో స్వరాన్ని నిలబెట్టడం జ్ఞానం కాదా? మౌత్‌పీసు గదిలో కాస్త మైనం పెట్టి, రీడును గీకి కుదుర్చుకోవడం విద్య కాదా? నీడపట్టున కచేరీ చేసేవాడు ఇదే పని చేస్తే సాధన అంటారు గదా!

1969లో పోలీసుల చేతిలో చనిపోయిన సుబ్బారావు పాణిగ్రాహి వల్ల ఉద్దానం జముకుల కథ చరిత్రకెక్కింది. బ్యాండు మేళం మాత్రం ఇంకా ఎక్కలేదు. విద్యార్థి మిత్రులు ఈసారి ఊరేగింపు ఆగినచోట క్లారినెట్ మనిషి పక్కన కూర్చోవాలి. ఆ మౌత్‌పీసు ఎక్కడిది, ఎవరిచ్చారు, దాన్ని ఎలా దారికి తెచ్చుకున్నావని అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. మన చరిత్రలో ఒక అధ్యాయం అక్కడ మొదలవుతుంది.