కరువు ఒక్క ప్రకృతిదేనా?

'ప్రకృతి వైపరీత్యం' అన్న మాటను మన కథకులూ విమర్శకులూ అలవాటుగా వాడుతుంటారు. జనగామ ప్రాంత చరిత్ర చదివేకొద్దీ నాకా మాట మీద అనుమానం పెరిగింది. వాన తప్పడం ప్రకృతి పని. వాన తప్పిన ఏడు ఎవరి మడి పండింది, ఎవరు ఊరు విడిచి వలసపోయారు అన్నది సమాజం నిర్ణయించిన సంగతి.

జనగామ నేల కింద ఉన్నది గట్టి రాయి. పక్కన పెద్ద నది లేదు. కురిసిన నీటిని కురిసినచోటే ఆపుకోవాలి. అందుకే వాలు వెంట గొలుసుకట్టు చెరువులు వెలిశాయి. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. కాకతీయుల కాలంలో ఈ పద్ధతి బాగా విస్తరించింది. రామప్ప, పాకాల ఆనాటి చెరువులే. శాసనాల్లో ప్రభువుల పేర్లున్నాయి. కట్టకు మట్టి మోసినవాళ్ల పేర్లు లేవు.

నిజాం పాలనలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. చెరువు కింది మంచి తరి పొలాలు ఎక్కువగా దేశముఖుల గుప్పిట్లో ఉండేవి. మెట్ట రైతుకు మొగులే దిక్కు. కనుక కరువు గడీకీ గుడిసెకూ ఒకేలా రాలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన పోరాటాన్ని మనం భూమి కోసం, వెట్టికి వ్యతిరేకంగా సాగిన పోరాటంగా చదువుకున్నాం. అది నిజమే. కాని ఆ భూమిలో నీరు కూడా ఉందని చాలాకాలం నేను గమనించలేదు.

తర్వాతి దశాబ్దాల్లో చెరువులు పూడాయి, శిఖం భూములు ఆక్రమణల పాలయ్యాయి. రైతు బావినీ, తర్వాత బోరునూ నమ్ముకున్నాడు. చెరువు ఎండితే ఊరంతటి కష్టం. బోరు ఎండితే ఒక్క ఇంటి అప్పు. 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యల వెనుక పురుగుతోపాటు ఈ ఒంటరి అప్పు కూడా ఉంది.

వరద మాటేమిటి? 2023 జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అదే రోజు భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వానను ఎవరూ కురిపించలేదు. కాని వాగుకు దారి ఎంత మిగిల్చాం, హెచ్చరిక ఏ ఇంటికి ఏ వేళకు చేరింది అన్నవి మనుషులు జవాబు చెప్పవలసిన ప్రశ్నలు.

2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీయించింది. పూడిక తీస్తే చాలదు. తూము మీద, శిఖం మీద ఊరి అధికారం నిలవాలి.

పగుళ్లిచ్చిన నేలను వర్ణించిన రచనలు మనకు కొదువ లేవు. ఆ నేల పక్కనే తడిసిన మడి ఎవరిదో అడిగిన రచనలు తక్కువ. కరువు కథ రాయబోయే యువ రచయిత ముందు చెరువు కట్ట మీదికి వెళ్లాలి. తూము ఎవరి పొలం వైపు తెరుచుకుందో చూడాలి. కథ అక్కడ మొదలవుతుంది.