ఎన్ని తుపాకులన్నది కాదు

2019లో ఆయుధాల చట్టానికి సవరణ తెచ్చినప్పుడు, మనిషికి మూడు తుపాకుల బదులు ఒకటే చాలన్నారు. లైసెన్సుదారులు అడ్డం తిరిగితే బేరం రెండు దగ్గర తెగింది. తాతల నాటి తుపాకి ఎలా వదులుకుంటామన్నది ఒక వాదన. నాకది నీరసంగా తోచింది. చరిత్రలో ఇంతకంటే గట్టి వాదన ఉంది.

సోమశిల వైపు వాళ్లకి ఉదయగిరి దుర్గం ఎరుకే. 1839లో కర్నూలు కోటలో ఆయుధాల గుట్టలు దొరికాయని కంపెనీ నవాబుని దించేసింది. ఉదయగిరి జాగీర్దారుకీ ఆ వంతు తప్పలేదు: కుట్ర ఆరోపణ, జాగీరు జప్తు, చెంగల్పట్టు ప్రవాసం. 1878లో లిట్టన్ చట్టం వచ్చింది. మనవాళ్లకి లైసెన్సు తప్పనిసరి, తెల్లవాళ్లకి మినహాయింపు. ఆ అవమానం వల్లనే 1931 కరాచీ కాంగ్రెసు ఆయుధాన్ని పౌరుడి హక్కుల్లో చేర్చింది (నిబంధనలకు లోబడి అన్న తోక అప్పుడే ఉంది లెండి). 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కామత్ అదే అడిగితే అంబేడ్కర్ ఒప్పుకోలేదు. దొంగలకీ దోపిడీగాళ్లకీ కూడా ఆ హక్కు ఇవ్వాల్సొస్తుందన్నాడు. నేను అంబేడ్కర్ పక్షమే.

కానీ 1959 చట్టంలో 14వ సెక్షను ఉంది: లైసెన్సు కాదంటే అధికారి కారణం రాతలో పెట్టాలి. 18వ సెక్షను కింద అప్పీలుంది. కారణం చెప్పకుండా ఆయుధం లాక్కున్న కాలాన్ని చూసిన నేలమీద ఇవి చిన్న సంగతులు కావు. రేపు ఏ సవరణైనా వీటి జోలికొస్తే, తుపాకి ఉన్నవాళ్లు ఎదురు నిలవాల్సింది అక్కడ. లెక్క రెండా మూడా అన్నచోట కాదు.