బర్మా క్యాంపుకి ఒక మ్యూజియం

కంచరపాలెం అంటే ఇప్పటి కుర్రకారుకి 2018లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. మా విశాఖలో ఏ ఆటో అతనికైనా ఆ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అని చెబితే ఇంకేమీ అడక్కుండా తెచ్చి దింపుతాడు. ఆ పేరెందుకు వచ్చిందని అడిగితే మాత్రం ఎక్కువమంది, "అక్కడ ఖౌస్వే బాగుంటుందండీ" అంటారు. బాగుంటుందన్నది నిజం. కొబ్బరిపాల పులుసులో నూడుల్స్ వేసి, పైన వేయించిన ఉల్లి, ఎండుమిరప కారం, నిమ్మరసం వేసి ఇస్తే సాయంత్రాలు బళ్ల దగ్గర జనం నిలబడి తింటారు. అయితే ఆ వంట సముద్రం దాటి ఈ పేటకి ఎలా చేరిందో, దాంతో పాటు ఎవరెవరు ఏమేం పోగొట్టుకుని వచ్చారో చెప్పే చోటు ఇక్కడ ఒక్కటీ లేదు. అలాంటి చోటు కావాలి. అది కూడా త్వరగా కావాలి.

మా పెద్దవాళ్లు రంగూన్‌ని రంగం అనేవారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగం వెళ్లినవాడు లేని వంశం అరుదు. పంట పోయినా, అప్పు మీదపడినా, ఇంట్లో పొత్తు చెడినా రంగమే దారి. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు వెళ్లేవి. 1933లో విశాఖ హార్బరు తెరిచేదాకా ఓడలు ఒడ్డుకి రాలేవు. దూరాన లంగరు వేసి ఉంటే, కెరటాల మీద ఎగిరెగిరి పడే మసూలా పడవల్లో మూటాముల్లెతో జనాన్ని అక్కడికి చేర్చేవారు. పేదవాడికి డెక్కు టికెట్టే. ఎండకీ వానకీ ఆ డెక్కు మీదే బంగాళాఖాతం దాటాలి. చాలామంది టికెట్టు డబ్బు కూలీలని కూర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సుగా పుచ్చుకున్నదే. దిగిన రోజు నుంచి కూలిలో కోసుకునేవాడు మేస్త్రీ. ఓడ మీద బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది, రిక్షాలు లాగింది, వీధులు ఊడ్చింది చాలావరకు మనవాళ్లే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతదేశం నుంచి వెళ్లినవాళ్లు. బర్మావాళ్లకి తమ రాజధానిలోనే తాము తక్కువైపోయామన్న బాధ కలగడంలో వింత లేదు.

ఆ బాధ 1930లో రక్తం చూసింది. గాంధీగారి అరెస్టు తర్వాతి రోజులవి. రేవులో పనిచేసే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే స్టీవెడోర్ కంపెనీలు వాళ్ల చోట బర్మా కూలీలని పెట్టుకున్నాయి. సమ్మె రాజీ కాగానే బర్మావాళ్లని పొమ్మన్నాయి. పొద్దున్నే పనికి వచ్చినవాళ్లు, పని దొరకదని తెలిసినవాళ్లు ఎదురెదురు పడ్డారు. మే 26న మొదలైన కొట్లాట రోజుల తరబడి సాగింది. కోరంగీలని పిలిపించుకున్న మన కూలీలు వీధుల్లో దొరికినవాళ్లు దొరికినట్టు చచ్చిపోయారు. పెట్టె కట్టుకుని తిరుగు ఓడ ఎక్కినవాళ్లు ఎందరో. మ్యూజియం పెడితే ఈ కథ అందులో ఉండి తీరాలి. రంగం వెళ్లి మిద్దె కట్టినవాళ్ల ఫొటోలు, బర్మా టేకు ద్వారబంధాలు పెట్టి ఊరుకుంటే సగం కథే చెప్పినట్టు. రెండు జాతుల బీదవాళ్లని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి లాభం తీసుకున్న కంపెనీల సంగతి మన పిల్లలకి తెలియాలి. బర్మా కూలీకి జరిగిన అన్యాయం కూడా అదే గోడ మీద ఉండాలి.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మార్చి 8కల్లా ఊరు జపాన్ చేతికి చిక్కింది. ఓడల్లో చోటు దొరకని లక్షలమంది నడక మొదలుపెట్టారు. కొందరు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, కొందరు తము ఊరు దాటి మణిపూర్ వైపు, అదీ కుదరనివాళ్లు హుకాంగ్ లోయ అడవుల్లోంచి అస్సాం వైపు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో రాలిపోయినవాళ్లు వేలూ పదివేలూ. బతికి వచ్చినవాళ్లకి ఇక్కడా ప్రశాంతత లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా అదే జపాన్ బాంబులు పడ్డాయి. అప్పటి పేలని బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. దాన్ని చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్తాం. ఆ బాంబుల యుద్ధమే ఇల్లు లాక్కుని నడిపించిన మనుషుల గురించి మాత్రం ఆ పిల్లలకి చూపించడానికి ఏమీ లేదు.

యుద్ధం అయ్యాక చాలామంది మళ్లీ వెళ్లారు. అక్కడే పుట్టి, బర్మా బళ్లలో చదువుకున్న తరం అప్పటికే ఉంది. 1962 మార్చిలో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. మరుసటి ఏడు బ్యాంకులు, 1964లో దుకాణాలు సర్కారు చేతిలోకి పోయాయి. ఆ మే నెలలోనే యాభై, వంద చాట్ల నోట్లు రద్దయ్యాయి. ఒక పూటలో దాచుకున్నది కాగితమైపోయింది. పుట్టిన ఊళ్లోనే 'విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్' పట్టుకు తిరగాల్సి వచ్చినవాళ్లు, ఇక్కడ దిగాక సర్కారు కాగితాల్లో కాందిశీకులయ్యారు. అలా వచ్చినవాళ్లలో కొందరితో నిలబడింది మా బర్మా క్యాంపు.

మా వీధిలో ఒక మామ్మ ఉంది. ఎనభై దాటాయి. ఆవిడ మంచం కింద ఒక టేకు పెట్టె. ఒకరోజు అడిగితే మనవడి చేత బయటికి లాగించి తీసి చూపించింది. పైన మడతల దగ్గర చిరుగుతున్న రిజిస్ట్రేషన్ పుస్తకం. అందులో భర్త ఫొటో, కింద నీలిసిరా వేలిముద్ర, పక్కన బర్మా లిపిలో సంతకం. దాని కింద మూత పోయిన నల్లటి లక్కపూత గిన్నె. అట్టడుగున బట్టలో చుట్టిన గుండ్రటి రాయి, మన గంధం సానలాగే ఉంటుంది. అంచు చుట్టూ నీళ్లు జారడానికి గాడి, నడుమ అరిగిపోయి చిన్న గుంట. థనాకా చెట్టు బెరడు నూరి చెంపలకి పూసుకునే రాయి అది.

"బంగారం తేనివ్వలేదు బాబూ. ఈ రాయి ఎవులిక్కావాల? అందుకే నాతోటి వచ్చీసింది" అంది.

మ్యూజియం అన్నమాటకి నాకు తెలిసిన మంచి అర్థం ఈ రాయే. ఎవరికీ అక్కర్లేదని వదిలేయబట్టి మిగిలినవే ఇప్పుడు సాక్ష్యాలు. అమృత్‌సర్‌లో 2017లో పాత టౌన్ హాలులో విభజన మ్యూజియం తెరిచారు. అందులో ఉన్నది చాలావరకు అలాంటి సామానే: కుటుంబాలు ఇచ్చిన బట్టలు, పెట్టెలు, ఉత్తరాలు, చెప్పిన మాటల రికార్డింగులు. మారిషస్‌లో కూలీలు దిగిన పోర్ట్ లూయిస్ రేవు మెట్లు పదహారు, శిథిలమైన షెడ్లు, అంతే. వాటిని కాపాడుకుని ఆప్రవాసీ ఘాట్ అని పేరు పెట్టుకున్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ మెట్లెక్కిన లక్షలమందిలో మన తీరం నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. అటు చేరిన వారి జ్ఞాపకానికి అక్కడ చోటుంది. బయల్దేరిన ఈ ఒడ్డున, తిరిగొచ్చిన వారి జ్ఞాపకానికి మాత్రం లేదు.

దీన్ని బీచ్ రోడ్డులో పెడదామని కొందరు పెద్దలు అంటారు. పర్యాటకులు వస్తారు, టికెట్లు తెగుతాయి అన్నది వాళ్ల వాదన. నేను ఒప్పుకోను. సామాను ఇచ్చే ఇల్లు, చూసే గది కాలినడక దూరంలో ఉండాలి. ఇచ్చిన మామ్మ తన మనవరాలిని వెంటబెట్టుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి, ఇది మనదని చూపించుకోగలగాలి. బర్మా క్యాంపులో ఒక పాత ఇల్లు, మూడు గదులు చాలు. ఒకటి రంగం వెళ్లిన దారికి, ఒకటి తిరిగొచ్చిన దారికి, మూడోది వంటగది. వంటగది అలంకారానికి కాదు. మగవాళ్ల కథలు ఓడ పేర్లతో, కూలి రేట్లతో ముగిసిపోతాయి. ఆడవాళ్ల కథలు పొయ్యి దగ్గరే దొరుకుతాయి. తెలుగు మగాడిని కట్టుకుని, పుట్టిల్లూ భాషా వదిలి ఇటు వచ్చేసిన బర్మా ఆడవాళ్లూ ఉన్నారు. అల్లంపచ్చడి నేర్చుకుంటూనే తమ బర్మా వంట మొహింగాని మరిచిపోని వాళ్ల చేతులు లేకపోతే ఈ పేటకి ఆ రుచి ఉండేది కాదు. వాళ్లకి ఈ గదిలో పెద్దపీట వేయాలి.

సామాను తీసుకోవడంలోనూ న్యాయం ఉండాలి. కాగితాలూ ఫొటోలూ స్కాన్ చేసి అసలువి ఇంటివాళ్లకే తిరిగి ఇచ్చేయాలి. ఇస్తామన్నవాళ్లవి మాత్రమే ఉంచుకోవాలి, వాళ్ల పేరు రాయాలి. మా సముద్రపు గాలికి కాగితం ఆగదు, మేకులకి తుప్పు, పెట్టెలకి చెద. ఫొటోలు లామినేషన్ చేయించి పాడుచేసుకున్న ఇళ్లు చాలా చూశాను. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పొడిగా, నేలకి ఎత్తుగా ఉంచాలని ఇంటింటికీ చెప్పాలి. ఆ పని మ్యూజియం తలుపు తెరవకముందే చేయొచ్చు.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పెట్టెల్లోని ఉత్తరాలు, రసీదులు, బడి సర్టిఫికెట్లు బర్మా లిపిలో ఉన్నాయి. అక్కడి బళ్లలో చదువుకున్న తరం తప్ప మా పేటలో వాటిని గడగడా చదివేవాళ్లు లేరు. వాళ్లందరికీ వయసు మీదపడింది. కట్టడానికి స్థలం, మంజూరుకి ఫైలు, ప్రారంభానికి మంత్రి దొరికేదాకా ఆగితే చదివేవాళ్లు మిగలరు. పేటలో డిగ్రీ చదివే పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో తాతనో మామ్మనో ఎంచుకుని, ఫోను ఎదురుగా పెట్టి కాగితాలు చదివించాలి. ఏ రేవులో ఓడ ఎక్కారు, మేస్త్రీది ఏ ఊరు, రంగంలో ఏ వీధి, పక్కింటి బర్మావాళ్ల పేరేమిటి, వచ్చేటప్పుడు తాళం ఎవరి చేతికి ఇచ్చారు అని అడగాలి.