పగలు చోటు వదిలే పడక: వరంగల్ చెప్పే చరిత్ర

గోడలోకి మడిచే మంచం అనగానే 20వ శతాబ్దం తొలినాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం మర్ఫీ రూపొందించిన మంచమే చాలామందికి గుర్తొస్తుంది. కానీ రాత్రి పడుకున్న చోటునే పగలు పనికి వాడుకోవాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. తెల్లవారగానే నులక మంచాన్ని గోడకు నిలబెట్టడం, జంపఖానాను చుట్టి మూలన పెట్టడం తెలంగాణ ఇళ్లలో తరాల అలవాటు. ఆ అలవాటుకు నేత సమకూర్చిన ఊళ్లలో వరంగల్ ముఖ్యమైనది. అక్కడి కొత్తవాడలో మగ్గాల మీద నేసే నూలు జంపఖానాను, అంటే దర్రీని, రెండు వైపులా పరుచుకోవచ్చు, ఉతుక్కోవచ్చు, చుట్టి పక్కన పెట్టేయవచ్చు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

వరంగల్‌కు పేరు తెచ్చినవి తివాచీలే కదా, 1851 లండన్ మహా ప్రదర్శనకు వెళ్లినవి సంపన్నుల కోసం నేసినవే కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. అయితే కుచ్చుతో మందంగా ఉండే తివాచీ వేరు, కుచ్చు లేని నూలు దర్రీ వేరు. సామాన్యుడి గదిలోకి వచ్చింది రెండోదే. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు నేల మీద పడుకోలేరన్న మాటా న్యాయమైనదే. వాళ్లకు గోడ మంచమే మేలు. కాకపోతే గోడ ఆ బరువు మోస్తుందా, మంచం దించాక తలుపు తెరుచుకుంటుందా అని ముందే చూసుకోవాలి. మిగతావాళ్లు మాత్రం ఖరీదైన మంచం కొనే ముందు కొత్తవాడ జంపఖానాను ఒకసారి పరిశీలించాలి.