ఫైల్ సిస్టమ్ అప్‌గ్రేడ్, మరమ్మతు: లినక్స్ ఎక్స్‌ట్ కుటుంబం చరిత్ర

డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో, ఏ బ్లాకులు ఖాళీగా ఉన్నాయో రాసి ఉంచే లెక్కల ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. ఆ లెక్కలు రాసే పద్ధతిని మార్చడం అప్‌గ్రేడ్, తప్పిన లెక్కను సరిచేయడం మరమ్మతు. ఈ రెండూ వేరువేరు పనుల్లా కనిపిస్తాయి గానీ, లినక్స్‌లో విరివిగా వాడే ఎక్స్‌ట్2, ఎక్స్‌ట్3, ఎక్స్‌ట్4 చరిత్రలో ఇవి విడదీయరాకుండా కలిసి నడిచాయి. పాత పద్ధతిలో ఉన్న డిస్కును కొత్త పద్ధతికి తెచ్చేటప్పుడు నడుమ కాసేపు లెక్క తప్పే ఉంటుంది. కనబడిన తప్పు ఆ మార్పు వల్ల వచ్చిందా, లేక ముందే డిస్కులో దాగి ఉందా అని తేల్చుకోవడమే ఈ విద్యలో అసలు కిటుకు.

చేతి మరమ్మతుల కాలం

1979 నాటి యునిక్స్ ఏడో ఎడిషన్‌లో బ్లాకుల లెక్క చూడటానికి ఐచెక్, డైరెక్టరీల లెక్క చూడటానికి డీచెక్ అనే వేరువేరు ప్రోగ్రాములు ఉండేవి. ఇవి ప్రధానంగా తప్పులు చూపేవే. సరిచేయడం చాలావరకు మనిషి చేతి పని. చెడిన ఇనోడ్‌ను, అంటే ఒక ఫైలు వివరాలు రాసిన చీటీని, తుడిచేయడానికి సీఎల్ఆర్ఐ అనే ఆదేశం ఉండేది. ఒక్క అంకె తప్పు కొడితే బాగున్న ఫైలు పోయేది.

1970ల చివర్లో టి.జె. కొవాల్‌స్కీ రాసిన ఎఫ్ఎస్‌సీకే ఈ పనులన్నిటినీ ఒక్క చోటికి తెచ్చింది. ముందు బ్లాకులు, తర్వాత దారులు, ఆపై డైరెక్టరీల అతుకులు, ఆ మీదట లింకుల లెక్క, చివరికి ఖాళీ బ్లాకుల జాబితా. ఇలా ఐదు దశల్లో అది డిస్కును తనిఖీ చేసేది. తప్పు దొరికిన ప్రతిచోటా సరిచేయమంటారా అని అడిగేది. ఏ డైరెక్టరీకీ చెందకుండా మిగిలిన ఫైళ్లను లాస్ట్+ఫౌండ్ అనే డైరెక్టరీలో చేర్చేది. ఆ డైరెక్టరీకి చోటు ముందే కేటాయించి ఉంచేవారు. లెక్క తప్పిన డిస్కులో కొత్త బ్లాకు అడిగితే అది ఇంకెవరిదో అయ్యే ప్రమాదం ఉంది మరి!

ప్రశ్న అడగడం మర్యాదే. కానీ అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు ఇనోడ్ 4182ను తుడిచేయనా అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? అన్నిటికీ ‘వై’ కొట్టడమే రివాజైంది. దీనికి తెలివైన జవాబు బర్కిలీ నుంచి వచ్చింది. 1983లో విడుదలైన 4.2బీఎస్‌డీ యునిక్స్‌లో మార్షల్ కిర్క్ మెక్‌కుసిక్ బృందం తెచ్చిన ఫాస్ట్ ఫైల్ సిస్టమ్, కీలకమైన లెక్కలను ఒక వరుస తప్పకుండా డిస్కుకు రాసేది. వరుస తెలుసు కాబట్టి, కరెంటు పోతే ఎలాంటి తప్పులు మిగులుతాయో కూడా ముందే తెలుసు. ఎఫ్ఎస్‌సీకేకు ‘ప్రీన్’ అనే పద్ధతి చేర్చి, ఆ ఊహించిన తప్పులను మాత్రమే అడగకుండా సరిదిద్దనిచ్చారు. వాటికి మించినది ఏది కనబడినా ఆగిపోయి మనిషిని పిలవాలి. ఎదురుచూసిన తప్పుకూ ఎదురుచూడని తప్పుకూ మధ్య గీత గీసిన ఈ పద్ధతి, నా దృష్టిలో, ఈ చరిత్ర మొత్తంలో అతి విలువైన ఆలోచన.

అయితే పాత యునిక్స్ డిస్కును ఉన్నచోటే ఫాస్ట్ ఫైల్ సిస్టమ్‌గా మార్చే దారి లేదు. అంతా టేపు మీదికి దించి, డిస్కును కొత్తగా తయారుచేసి, మళ్లీ ఎక్కించాల్సిందే. ఆ శ్రమలో ఒక మేలు ఉంది: అప్‌గ్రేడ్ చేసిన ప్రతి ఒక్కరి దగ్గరా బ్యాకప్ తప్పనిసరిగా ఉండేది.

తెలియనిది ముట్టుకోవద్దు

లినక్స్ కోసం రెమీ కార్డ్ 1992లో ఎక్స్‌ట్‌ను, 1993లో ఎక్స్‌ట్2ను తయారుచేశారు. దీని మరమ్మతు ప్రోగ్రాము ఈ2ఎఫ్ఎస్‌సీకే, దాన్ని కలిగిన ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ సంపుటి థియొడార్ త్సో నిర్వహణలో పెరిగాయి. డిస్కు మొత్తానికి ముఖపత్రం లాంటి సూపర్‌బ్లాక్‌కు వేరేచోట్ల నకళ్లు ఉంచడమనే బర్కిలీ అలవాటు ఇందులోనూ ఉంది. 4 కేబీ బ్లాకుల డిస్కులో మొదటి నకలు 32768వ బ్లాకులో ఉంటుంది. అసలుది చెడినా నకలుతో పని మొదలుపెట్టవచ్చు.

భవిష్యత్తు అప్‌గ్రేడ్‌లకు పునాది వేసినది మాత్రం సూపర్‌బ్లాక్‌లోని మూడు జాబితాలు. డిస్కు వాడుతున్న కొత్త సౌకర్యాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో నమోదై ఉంటాయి. మొదటి జాబితాలోది కెర్నల్‌కు తెలియకపోయినా డిస్కును మామూలుగా వాడుకోవచ్చు. రెండో జాబితాలోది తెలియకపోతే చదవవచ్చు గానీ రాయకూడదు. మూడో జాబితాలోది తెలియకపోతే అసలు మౌంటే చేయకూడదు. మరమ్మతు ప్రోగ్రాముకు నియమం ఇంకా కఠినం. వాడుకకు అడ్డురాని మొదటి జాబితాలో తెలియని పేరు కనబడినా ఈ2ఎఫ్ఎస్‌సీకే పని మానుకోవాలి. ఇంట్లో కాపురం ఉండేవాడికి గోడలో తీగ ఎటు పోతుందో తెలియక్కర్లేదు, గోడ పగలగొట్టేవాడికి తెలియాలి కదా!

చిట్టా వచ్చింది

డిస్కులు పెరిగేకొద్దీ ఎఫ్ఎస్‌సీకేకు పట్టే సమయం గంటల్లోకి చేరింది. స్టీఫెన్ ట్వీడీ 1998లో ఎక్స్‌ట్2కు జర్నల్ చేర్చే నమూనాను ప్రకటించారు. పాతకాలపు వ్యాపారి ముందు చిట్టాలో రాసుకుని, తర్వాత ఆవర్జాలోకి ఎక్కించినట్టే ఇదీ. చేయబోయే మార్పులను ముందు జర్నల్‌లో పూర్తిగా రాసి, ఆ తర్వాతే వాటి అసలు స్థానాల్లో రాస్తారు. నడుమ కరెంటు పోతే ఆవర్జా అంతా తిరగేసే పని లేదు. చిట్టాలో పూర్తిగా ఉన్న పద్దులు ఎక్కించి, సగం రాసినవి వదిలేస్తే చాలు.

ఇదే ఎక్స్‌ట్3గా 2001 నవంబరులో 2.4.15 కెర్నల్‌లో చేరింది. దీని అప్‌గ్రేడ్ ఇప్పటికీ ఆదర్శంగా చెప్పుకోదగినది. ట్యూన్2ఎఫ్ఎస్ అనే ప్రోగ్రాముకు ఒక్క ఆదేశం ఇస్తే, నడుస్తున్న డిస్కులోనే జర్నల్ ఏర్పడుతుంది. పాత ఫైళ్ల బ్లాకులేవీ కదలవు. జర్నల్ ఉండటం మొదటి జాబితాలో నమోదవుతుంది గనుక, సక్రమంగా మూసిన ఎక్స్‌ట్3 డిస్కును పాత కెర్నల్ ఎక్స్‌ట్2గానే వాడుకోగలదు. అర్ధంతరంగా ఆగిన డిస్కుకు మాత్రం మూడో జాబితాలో ‘రికవరీ మిగిలి ఉంది’ అనే గుర్తు పడుతుంది. చిట్టా చదవడం రాని పాత కెర్నల్ అప్పుడు దగ్గరికి రాలేదు. వెనక్కి పోయే దారి తెరిచే ఉంచి, ప్రమాదమైన సమయంలో మాత్రం గడియ పెట్టడం ఇది.

ఇంత జాగ్రత్తగా తెచ్చిన ఎక్స్‌ట్3కి ముహూర్తం మాత్రం కుదరలేదు. అదే 2.4.15 కెర్నల్‌లో, ఎక్స్‌ట్3తో సంబంధం లేని మరో లోపం వల్ల, డిస్కును అన్‌మౌంట్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ చెడిపోయేది. కొద్ది రోజుల్లోనే 2.4.16 విడుదల చేయాల్సి వచ్చింది.

ఎక్స్‌ట్4: వెనక్కి రాని దారి

2006లో త్సో, సహచరులు ఎక్స్‌ట్3ను కదపకుండా ఎక్స్‌ట్4ను వేరుగా అభివృద్ధి చేయడానికి నిశ్చయించారు. 2008 డిసెంబరులో 2.6.28 కెర్నల్‌తో అది స్థిరపడింది. ఇందులో ఫైలు బ్లాకులను ఒక్కొక్కటిగా నమోదు చేయకుండా, ఫలానా చోటు నుంచి ఇన్ని బ్లాకులు అని ఎక్స్‌టెంట్‌గా రాస్తారు.

ఎక్స్‌ట్3 డిస్కును ట్యూన్2ఎఫ్ఎస్‌తో ఎక్స్‌ట్4గా మార్చవచ్చు. మార్చాక ఈ2ఎఫ్ఎస్‌సీకే నడపాలి. అప్పుడు బ్లాకు గుంపుల వివరాల చెక్‌సమ్‌లు సరిగా లేవని అది ఫిర్యాదు చేస్తుంది. తొలిసారి చూసినవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది గానీ అది ఉండాల్సిన తప్పే. చెక్‌సమ్ అనే గడిని ఇప్పుడే తెరిచాం, అందులో లెక్క ఇంకా రాయలేదు. దాన్ని రాయించడానికే ఈ తనిఖీ. అందుకే అప్‌గ్రేడ్‌కు ముందే డిస్కును అన్‌మౌంట్ చేసి పూర్తి తనిఖీ చేసి ఉండాలి. ముందు శుభ్రంగా ఉందని తెలిస్తేనే, తర్వాత కనబడే ఫిర్యాదుల్లో ఏది కొత్త సౌకర్యానిదో, ఏది నిజమైన దెబ్బో తెలుస్తుంది. ఆ పని మానేసి రెండింటినీ కలిపి ‘వై’ కొట్టినవాళ్లు పోగొట్టుకున్నవి లాస్ట్+ఫౌండ్‌లో పేర్లు లేని ఫైళ్లుగా తేలతాయి.

పాత ఫైళ్లు పాత పద్ధతిలోనే ఉంటాయి, కొత్తగా రాసినవే ఎక్స్‌టెంట్‌లు వాడుకుంటాయి. అయినా ఎక్స్‌టెంట్ సౌకర్యం మూడో జాబితాలోది కాబట్టి ఎక్స్‌ట్3 డ్రైవరు ఇక ఆ డిస్కును ముట్టదు. ఎక్స్‌ట్4 తెలియని పాత గ్రబ్ బూట్ లోడర్ ఉన్న యంత్రాల్లో బూట్ విభాగాన్ని మారిస్తే కంప్యూటరే లేవదు.

2009లో ఇంకో రకం దెబ్బ తగిలింది. ఎక్స్‌ట్4 బ్లాకుల కేటాయింపును వీలైనంత ఆలస్యం చేస్తుంది. ఎక్స్‌ట్3 కొన్ని సెకన్లలో రాసేస్తుందన్న ధీమాకు అలవాటుపడిన అప్లికేషన్ల ఫైళ్లు, సిస్టమ్ పడిపోయాక చూసుకుంటే సున్నా బైట్లతో మిగిలాయి. ఫైల్ సిస్టమ్ లెక్క ఎక్కడా తప్పలేదు, ఎఫ్ఎస్‌సీకే చూపే తప్పూ లేదు. వాడేవాళ్లు మాత్రం నష్టపోయారు. ప్రమాణం ప్రకారం తప్పు అప్లికేషన్లదే అని వాదన నడిచినా, చివరికి 2.6.30 కెర్నల్‌లో పాత అలవాటుకు సర్దుబాటు చేశారు. అదే మంచి నిర్ణయం.

అన్‌డూ ఫైలు

వెనక్కి వచ్చే దారి లేదన్న కొరతను అనీశ్ కుమార్ కె.వి. రాసిన ఈ2అన్‌డూ కొంత తీర్చింది. ఏ బ్లాకును మార్చబోయినా ముందు దాని పాత రూపం వేరే డిస్కులోని ఒక ఫైల్లో దాచుకుంటుంది. ఫలితం నచ్చకపోతే వాటిని తిరిగి యథాస్థానంలో పెడుతుంది. 2016లో వచ్చిన ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 1.43 సంచికతో ట్యూన్2ఎఫ్ఎస్, ఈ2ఎఫ్ఎస్‌సీకేలకు కూడా ఈ వసతి అందింది. దీనికీ హద్దులున్నాయి. పని మధ్యలో కరెంటు పోతే ఈ ఫైలు ఆదుకోలేదు. డిస్కును మౌంట్ చేసి కొత్త ఫైళ్లు రాశాక దీన్ని ప్రయోగించడం కొత్త నష్టం తెచ్చుకోవడమే.

ఇతరులు వేరే దారులు పట్టారు. విండోస్ ఎన్‌టీలోని కన్వర్ట్ ఆదేశం ఫ్యాట్ డిస్కును ఎన్‌టీఎఫ్ఎస్‌గా మార్చేది, వెనక్కి మార్చేది కాదు. ఎక్స్‌ట్ డిస్కును బీటీఆర్‌ఎఫ్ఎస్‌గా మార్చే ప్రోగ్రాము పాత ఫైల్ సిస్టమ్ మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా అలాగే ఉంచుతుంది, దాన్ని చెరపనంతవరకు వెనక్కి పోవచ్చు. ఆపిల్ సంస్థ 2017 మార్చిలో ఐఓఎస్ 10.3తో ఫోన్లన్నిటినీ ఏపీఎఫ్ఎస్‌కు మార్చింది. అంతకుముందటి అప్‌డేట్‌లలోనే వాడేవాళ్లకు తెలియకుండా మార్పిడిని నమూనాగా నడిపి, సరిచూసుకుని, వెనక్కి తీసుకుంది.

మరమ్మతుకు ముందు

ఎక్స్‌ట్4 నడుస్తుండగా తప్పు పట్టుకుంటే ఏం చేయాలో సూపర్‌బ్లాక్‌లో ముందే చెప్పి ఉంచవచ్చు: కొనసాగడం, చదవడానికి మాత్రమే పరిమితం కావడం, లేదా సిస్టమ్‌నే ఆపేయడం. రెండోదే క్షేమం. ఆ స్థితిలో మొదట చూడాల్సింది ఫైల్ సిస్టమ్‌ను కాదు, డిస్కును. అరిగిపోతున్న డిస్కు మీద మరమ్మతు చేస్తే ప్రతి రాత కొత్త గాయమే. ముందు డీడీ రెస్క్యూ వంటి ప్రోగ్రాముతో మొత్తం డిస్కును నకలు తీసి, ఆ నకలు మీద పనిచేయాలి. ఈ2ఎఫ్ఎస్‌సీకేను మొదట ఏమీ రాయని పద్ధతిలో నడపాలి. తప్పులు వేలల్లో వస్తే ఫైల్ సిస్టమ్ కంటే ముందు రెయిడ్ డిస్కుల వరుసను, ర్యామ్‌ను అనుమానించాలి. మౌంట్ చేసి ఉన్న డిస్కు మీద మరమ్మతు ఎన్నడూ చేయకూడదు.

అనుభవం ఎంత పెరిగినా తప్పులు ఆగలేదు. 2023 డిసెంబరులో 6.1.64 కెర్నల్‌లో ఎక్స్‌ట్4 ఫైళ్లలోని డేటా చెడగొట్టే లోపం బయటపడి, డెబియన్ 12.3 విడుదలను ఆపి 12.4ను తేవాల్సి వచ్చింది.

ఎక్స్‌ట్3 డ్రైవరును 2015లో 4.3 కెర్నల్ నుంచి తొలగించారు. ఎక్స్‌ట్3 డిస్కులను ఇప్పుడు ఎక్స్‌ట్4 డ్రైవరే నడుపుతోంది. వాటిలో చాలా పాతవాటి ఇనోడ్‌లు 128 బైట్లవే. అందులో తేదీకి ఉన్న చోటు 2038 జనవరి 19 వరకే సరిపోతుంది. అలాంటి డిస్కును మౌంట్ చేసినప్పుడు కొత్త కెర్నల్‌లు ఆ మాట హెచ్చరికగా చెబుతాయి. మీ దగ్గర అటువంటిది ఉంటే, బ్యాకప్ తీసి, అన్‌మౌంట్ చేసి, ముందు తనిఖీ ముగించాకే ఇనోడ్‌ను 256 బైట్లకు పెంచుకోండి.